మార్లవాయి చేరిన ఎలిజబెత్

హైదరాబాదు నగరములో తార్నాక నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు పోవునప్పుడు, విశ్వవిద్యాలయపు భూములను ఆనుకొని మాణికేశ్వర్ నగర్ అను పేట కనబడును. దానిని వడ్డెర బస్తీ యనియు పిలుతురు. రాళ్లు కొట్టి, మోసి, గోడలు నిలిపిన కష్టజీవుల పేరు ఆ పేటకు అట్లు నిలిచినది. అచ్చటికి కొలది దూరములోనే రాతితో కట్టిన ఆర్ట్సు కళాశాలా భవనము కలదు. 1939వ సంవత్సరము డిసెంబరు నెలలో ఆ భవనమునకు ప్రారంభోత్సవము జరిగెను. ఆ తరువాత కొలది సంవత్సరములకు, అనగా 1945 నుండి 1949 వఱకు, ఉస్మానియా విశ్వవిద్యాలయమున మానవశాస్త్రమునకు ఆచార్యుడుగా ఒక ఐరోపా విద్వాంసుడు పని చేసెను. ఆయన పేరు క్రిస్టాఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్.

గోండుల చరిత్రము చదివినవారందరును ఈ పేరు ఎఱుగుదురు. ఆయన వ్రాసిన గ్రంథములు నేటికిని ప్రామాణికములు. ఆయన వెంట అడవికి వచ్చి, ఆయనతో పాటు రాళ్లలోను వానలలోను నడచి, తుదకు ఆయన కంటె ముందుగా మన నేలలోనే శాశ్వతనిద్ర పొందిన ఆయన భార్యను గుఱించి మాత్రము ఆ గ్రంథముల ముఖపత్రములలో ఒక పంక్తియో, రెండు పంక్తులో కనబడును. ఆదిలాబాదు గోండు గ్రామములలో ఆమె పేరు నేటికిని వినబడుచున్నది. ఈ పాఠము ఆమెను గుఱించినది.

ఆమె పేరు ఎలిజబెత్ బర్నార్డో. దగ్గరివారు బెట్టీ అని పిలుచుచుండిరి. ఆమె ఆంగ్లవనిత. హైమెన్‌డార్ఫ్ 1909లో ఆస్ట్రియా దేశపు రాజధాని యగు వియన్నా నగరమున, ప్రభువంశమున జన్మించెను. చిన్ననాటి నుండి ఆయనకు భారతదేశపు ఈశాన్యమున నున్న కొండజాతులపై తీరని ఆసక్తి యుండెను. ఆ జాతులను కంటితో చూడక మునుపే, గ్రంథములను మాత్రమే ఆధారము చేసికొని, వారిని గుఱించి వ్యాసము వ్రాసి వియన్నాలో డాక్టరు పట్టము పొందెను. తరువాత లండనులో మేలినౌస్కీ అను ప్రసిద్ధ ఆచార్యుని కడ చదివి, 1936లో నాగా కొండలకు పోయి, శత్రువుల తలలు కొట్టి తెచ్చుట వీరధర్మముగా భావించిన కొన్యాక్ నాగుల నడుమ ఏడాదికి మించి నివసించెను. ఇట్టివాని మనస్సు ఎచ్చట నుండునో ఊహించుట కష్టము కాదు. నగరములో కూర్చుండి కాలము గడుపు మనుష్యుడు కాడాయన.

అట్టివానిని 1938లో బెట్టీ వివాహమాడెను. ఆ కాలమున మంచి కుటుంబములలోని యువతులు కోరుకొను సుఖజీవనము ఈ వివాహములో లేదని ఆమెకు తెలియకుండ నుండదు. ఆమె కోరినది ఆ మనుష్యునే. ఆయన వెళ్లు చోట్లకు తానును వెళ్లవలె ననునదే ఆమె నిశ్చయము. అడవులకు పోవు విద్వాంసులు భార్యలను నగరములలో విడిచి పోవుట ఆనాడు సామాన్యము. బెట్టీ అట్లు విడిచిపెట్టబడుటకు అంగీకరింపలేదు.

ఈ వివాహము వలన ఆమెకు అడవి కంటె ముందుగా మఱియొక అపాయము ప్రాప్తించెను. 1938 మార్చి నెలలోనే హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలిపివేసెను. అందుచేత హైమెన్‌డార్ఫ్ చేతిలోనిది జర్మను పాస్‌పోర్టు ఆయెను. ఆంగ్లస్త్రీ పరదేశీయుని పెండ్లాడినచో తన జాతీయతను కోల్పోయి భర్త జాతీయతను పొందుట ఆనాటి బ్రిటిషు చట్టము. 1948లో క్రొత్త చట్టము వచ్చు వఱకు ఈ నియమము తొలగలేదు. పుట్టుక చేత ఆంగ్లేయురాలైన స్త్రీ ఒక సంతకముతో పరదేశీయురాలు కావలసిన కాలమది.

1939లో దంపతులు భారతదేశమునకు వచ్చిరి. ఆ ఏడాది సెప్టెంబరులో రెండవ ప్రపంచయుద్ధము ఆరంభ మాయెను. జర్మను పాస్‌పోర్టు గలవారందరును బ్రిటిషు పాలనలో శత్రుదేశీయులుగా లెక్కింపబడిరి. హైమెన్‌డార్ఫ్‌ను నిర్బంధించిరి. నిర్బంధించిన అధికారులలో పలువురు ఆయన మిత్రులే కావున వారు మిక్కిలి మర్యాదతో, క్షమాపణలతో ఆ పని చేసిరట! పిమ్మట ఆయనను నిజాము పాలనలోని హైదరాబాదు సంస్థానమునకు పంపి, ఆ సంస్థానపు ఎల్లలు దాటరాదని కట్టడి చేసిరి.

చెఱ యనిన నాలుగు గోడలు మనకు స్ఫురించును. ఈ దంపతులకు లభించిన చెఱ వైశాల్యము సుమారు 82,000 చదరపు మైళ్లు. దక్షిణమున కృష్ణానది, ఉత్తరమున పెన్‌గంగ, ప్రాణహితలు, తూర్పున గోదావరి కొండలు. ఆ మేరలో చెంచులు, కోయలు, కొండరెడ్లు, గోండులు, కొలాములు నివసించు అడవులు ఎన్నియో కలవు. శత్రువని పట్టుకొని మానవశాస్త్రజ్ఞుని అడవిలో విడిచిపెట్టుట ఎట్టి శిక్షయో ఆ శిక్ష విధించినవారికే తెలియవలెను.

మొదట వారు నల్లమల అడవులలోని అమ్రాబాదు పీఠభూమికి పోయిరి. అచ్చట చెంచులు నివసింతురు. ఆనాటి చెంచులు విత్తుటయు కోయుటయు అంతగా ఎఱుగరు. ఇనుపమొన గల కఱ్ఱలతో నేల త్రవ్వి గడ్డలు తీసి, పండ్లు ఏరి, తేనె పట్టి జీవించుచుండిరి. నిలువుకొండ అంచున తాటికి వ్రేలాడుచు తేనెపట్టు కోయు చెంచును చూచినవారికి గుండె ఆగినంత పని యగును. ఇప్పపూవు రాలు కాలమున, నీరెండు కాలమున వారు గుడిసెలు విడిచి వేఱొక చోటికి కదలిపోవుదురు. వారిని తెలిసికొన గోరినవారును వారితో పాటు కదలవలసినదే. పులులు తిరుగు ఆ అడవిలో అట్టి సంచారజీవనము బెట్టీకి భారతదేశపు అడవులలో తొలిపాఠము. ఆ పరిశోధన ఫలితముగా చెంచులను గుఱించిన గ్రంథము 1943లో వెలువడెను.

తరువాత గోదావరి తీరమున పాపికొండలలోని కొండరెడ్ల కడకు పోయిరి. అచ్చటి వారు కొండవాలులపై చెట్లు నఱికి కాల్చి పోడు వ్యవసాయము చేయుచుండిరి. పంట చాలని నెలలలో జీలుగుచెట్టు బెరడులోని గుజ్జును, మామిడిటెంకలలోని జీడిని వండుకొని తినుచుండిరి. వెదురు కొట్టించు గుత్తేదారులు వారికి అప్పులిచ్చి, ఆ అప్పు తీరనీయక పని చేయించుకొనుచుండిరి. ఆ కొండలలో పులి కంటె చలిజ్వరము భయంకరమైనది. అచ్చటికి పోయిన పై ఊరివాడు మలేరియా పడకుండ తిరిగి వచ్చుట అరుదు.

ఆ దంపతుల జీవితమును మార్చివేసినది ఆదిలాబాదు. దానికి ముందు అచ్చట జరిగినది తెలిసికొనక తీరదు. అడవులను ప్రభుత్వపు రక్షిత వనములుగా ప్రకటించుటతో తాతముత్తాతల నుండి గోండులు, కొలాములు సాగు చేసికొనుచున్న భూములు అడవి గీత లోపల చిక్కుకొనెను. గ్రామములను ఖాళీ చేయించిరి. గుడిసెలు తగులబెట్టిరి. మిగిలిన మంచి నేలలు పట్టాలు తెచ్చుకొనగల పై ఊరివారి పాలాయెను. గోండులకు నేల యున్నది గాని కాగితము లేదు. కుమరం భీము అను గోండు వీరుడు ఈ అన్యాయమునకు ఎదురు నిలిచి, జోడేఘాటు కొండలలో తనవారిని కూడగట్టి, 1940లో నిజాము పోలీసుల తుపాకులకు బలియాయెను.

ఆ రక్తము ఆరక మునుపే, గోండులు ఏల తిరుగబడిరో పరిశీలించి చెప్పుమని అదే ప్రభుత్వము హైమెన్‌డార్ఫ్‌ను కోరెను. ఆలోచించి చూడుడు. భీమును చంపిన ప్రభుత్వము పంపగా వచ్చిన తెల్లదొరను, తెల్లదొరసానిని గోండులు ఏల నమ్మవలెను? అధికారి వచ్చెనన్న ఇల్లు కాలుననియు, దుక్కిటెద్దులు పోవుననియు ఎఱిగిన జనులు వారు. అడవిలో బెట్టీ ఎదుర్కొనిన ఇడుములలో ఇదియే పెద్దదని నాకు తోచుచున్నది. జ్వరమునకు మందు కలదు. అనుమానమునకు మందు ఓపిక తప్ప వేఱొకటి లేదు.

వారు ఉట్నూరు ప్రాంతపు కొండలలో మార్లవాయి అను చిన్న గోండు గూడెమును తమ నివాసముగా ఎన్నుకొనిరి. నేడు ఆ గ్రామము కుమరంభీం ఆసిఫాబాదు జిల్లాలో జైనూరు మండలమునకు చేరియున్నది. ఆనాడు అచ్చటికి పోవలెనన్న ఎడ్లబండ్లు పోవు బాటలే దిక్కు. వానకాలములో నల్లరేగడి బురదలో ఆ బండియు కదలదు. గూడెములో ఇతరుల ఇండ్ల వంటి ఇల్లే వారికి ఇల్లాయెను. విద్వాంసుడు ఊరికి దూరముగా డేరా వేసికొని, జనులను పిలిపించి ప్రశ్నలడుగుట ఒక పద్ధతి. గూడెములో కాపురముండుట వేఱు. కాపురమున్నవానికి ప్రశ్నలడుగు పని సగము తగ్గును. కన్నులు తెఱచియున్న చాలును.

గోండు ఇండ్లలో పొయ్యి యున్న చోటికి, పురిటిగదికి, స్త్రీలు గుమిగూడి మాటలాడుకొను చోటికి పై మగవాడు పోలేడు. పెండ్లిలో, చావులో, పుట్టుకలో సగము కథ ఆ చోట్లనే జరుగును. ఒక స్త్రీ కాపురమునకు వచ్చినప్పుడు ఆ తలుపులు తెఱచుకొనుట సహజము. గోండులను గుఱించిన గ్రంథములు పురుషుల దేవతాకార్యములతో ఆగిపోక కుటుంబ జీవితమును అంత సన్నిహితముగా చూపగలుగుటకు బెట్టీ తోడ్పాటు గొప్ప కారణమై యుండవలెను. 1979లో వెలువడిన ఆంధ్రప్రదేశ్ గోండుల గ్రంథము ముఖపత్రముపై, దానిని ఎలిజబెత్ సహకారముతో రచించినట్లు ఆయన స్పష్టముగా పేర్కొనెను.

ఆ గూడెములో వారు చూచిన లోకము ఎంత రమ్యమైనది! దీపావళి దినములలో నెమలి ఈకల టోపీలు ధరించిన గుస్సాడీలు దండారి జట్లతో ఊరూరు తిరిగి ఆడుదురు. పర్ధానులు కీక్రి అను తంత్రీవాద్యము వాయించుచు గోండు వీరుల కథలను రాత్రులు తెల్లవాఱు వఱకు గానము చేయుదురు. పుష్యమాసమున కేస్లాపూరులో నాగోబా జాతర జరుగును. ఆ జాతరకు నలుమూలల నుండి వచ్చు గిరిజనుల మొఱలను అధికారులు అచ్చటనే కూర్చుండి వినవలెనని హైమెన్‌డార్ఫ్ సూచింపగా 1940 దశాబ్దములో నాగోబా దర్బారు మొదలాయెను. అధికారి కడకు పోవుటకు భయపడువాని కడకు అధికారినే రప్పించు ఏర్పాటది. ఆ దర్బారు నేటికిని నడచుచున్నది.

1943లో మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రమును తెఱచిరి. అక్షరము ముక్క రాని గోండు యువకులను చేర్చుకొని, వారికి చదువు నేర్పి, వారినే తిరిగి గూడెములకు ఉపాధ్యాయులుగా పంపుట ఆ కేంద్రపు పని. మొదటి వాచకములను గోండి భాషలోనే, నాగరి లిపిలో అచ్చు వేయించిరి. తల్లి పలికిన మాట పుస్తకములో కనబడిన పిల్లవాడు బడికి జంకడు. ఎనుబది సంవత్సరముల క్రిందట, దారి కూడ లేని గూడెములో ఈ ప్రయోగము జరిగినదన్న సంగతి ఉపాధ్యాయులకును తెలియదగినది.

భూమి సంగతి దీని కంటెను పెద్దది. గోండులకు నేలపై హక్కు కాగితముగా దొరకనిదే ఏ చదువును వారిని కాపాడజాలదని హైమెన్‌డార్ఫ్ ప్రభుత్వమునకు పదేపదే నివేదించెను. సేతుమాధవరావు వంటి మంచి అధికారులు తోడైరి. 1944 మొదలు 1949 వఱకు ఆదిలాబాదు జిల్లాలో 11,000 పైచిలుకు గిరిజనులకు సుమారు 1,60,000 ఎకరముల భూమి పట్టాగా లభించెను. గిరిజన ప్రాంతముల భూములను పై వారు కాజేయకుండ 1356 ఫసలీ సంవత్సరపు నిబంధనయు వచ్చెను. భీము ప్రాణము పెట్టి అడిగినదానిలో కొంత భాగము ఈ విధముగా ఆయనవారికి చెందెను.

ఇంతలో యుద్ధము చిత్రమైన మలుపు త్రిప్పెను. ఎవనిని శత్రుదేశీయుడని కట్టడి చేసిరో, ఆ మనుష్యునే బ్రిటిషు ప్రభుత్వము 1944లో ప్రత్యేకాధికారిగా నియమించి అస్సాముకు ఉత్తరమున సుబన్‌సిరి నదీప్రాంతమునకు పంపెను. ఆ ఏడాదియే జపాను సేనలు కోహిమా, ఇంఫాలుల వఱకు వచ్చియుండెను. టిబెట్టు సరిహద్దుకును అస్సాము మైదానమునకును నడుమ నున్న కొండలు ప్రభుత్వపు పటములలో చాలవఱకు తెల్లగా, పేరులు లేకుండ ఉండెను. అచ్చట ఎవరు నివసించుచున్నారో, ఏ దారులు కలవో తెలిసికొని రావలెను. ఆ కొండలు నేటి అరుణాచల్ ప్రదేశములోనివి.

బెట్టీ ఇప్పుడును వెంట నడచెను. నల్లమలయు, ఆదిలాబాదు అడవియు ఎండకాలమున ఆకు రాల్చు అడవులు. సుబన్‌సిరి అడవి అట్టిది కాదు. అది వర్షారణ్యము. ఏడాదిలో చాల నెలలు వాన విడువదు. చెట్టుపై చెట్టు, తీగపై తీగ అల్లుకొని మధ్యాహ్నమున కూడ నేలపై మసక వెలుతురే యుండును. త్రోవ యనునది జాఱు రాళ్ల మీదుగా, కూలిన మ్రానుల మీదుగా పోవు గుర్తు మాత్రమే. ఆకు ఆకునకు జలగలు పొంచియుండును. నడచువాని కాళ్లపైకి ప్రాకి, నెత్తురు త్రాగి రాలిన తరువాత గాని తెలియదు. నదులపై పేము తీగలతో అల్లిన ఊగు వంతెనలు. క్రింద నురగలు గ్రక్కు నీరు. బండి పోదు, గుఱ్ఱము పోదు. బియ్యపు గింజ మొదలు డేరా గుడ్డ వఱకు మనుష్యుల వీపుల మీదనే పోవలెను. మోయువాడు తానే ఆ బియ్యము తినుచు నడచును గనుక, ఎన్ని దినములు నడచిన ఎంత బియ్యము మిగులునో లెక్క తప్పినచో జట్టు జట్టంతయు అడవిలో ఆకలికి చిక్కును.

అచ్చటి మనుష్యుల వలన భయము వేఱు. నిషీలు అను జాతివారిని ఆనాడు డఫ్లాలని పిలుచుచుండిరి. వారిలో ఇంటికి ఇంటికి పగలు. ఒకరిపై ఒకరు దాడి చేసి, మనుష్యులను పట్టుకొనిపోయి, కాలికి బరువైన దుంగ తగిలించి, మిథున్ అను అడవి పశువులను విడుదల వెలగా ఇచ్చు వఱకు బంధించి యుంచుచుండిరి. పై ప్రభుత్వపు చట్టము ఆ కొండలలో అంతవఱకు కాలు పెట్టలేదు. తుపాకులు గల కొలదిమంది కావలివారిని నమ్ముకొని పోయిన ఆ జట్టుకు, మైదానములోని సహాయము అందవలెనన్న ఎన్నియో దినముల నడక.

అట్టి చీకటి అడవి దాటి పైకెక్కగా ఒక్కసారిగా ఆపాతానీల లోయ కన్నులకు కనబడును. సుమారు 5,000 అడుగుల ఎత్తున, కొండల నడుమ గిన్నె వలె నున్న ఆ లోయలో నాగలి లేకుండ, ఎద్దు లేకుండ, చేతులతోడనే మడులు కట్టి వరి పండించు జనులు నివసింతురు. మడి మడికి నీరు పాఱించు కాలువలు, గట్టులపై వరుసగా పెంచిన పైరు, ఊరి చుట్టును నాటి పెంచిన వెదురు తోపులు, దేవదారు జాతి చెట్లు. గోదావరి మాగాణి చూచిన తెలుగువాడు అచ్చటికి పోయినను తలపంకించి మెచ్చుకొనవలసినదే. ఆనాటి ఆపాతానీ స్త్రీలు ముఖముపై పచ్చబొట్లు పొడిపించుకొని, ముక్కు రెండు ప్రక్కల పెద్ద బిళ్లలు ధరించుచుండిరి. వారు బెట్టీని ఎంత వింతగా చూచిరో, బెట్టీ వారిని అంత వింతగా చూచియుండును. ఆ లోయలో అడుగు పెట్టిన తొలి ఐరోపా స్త్రీలలో ఆమె యొకతె.

ఆ దంపతులు 1945 వఱకు ఆ కొండలలో తిరిగిరి. భర్త ప్రయాణవృత్తాంతమును తరువాత గ్రంథముగా ప్రకటించెను. ప్రేమించిన మనుష్యుని కొఱకు అడవికి వచ్చిన యువతి అంతటితో అలసి స్వదేశమునకు పోయినను ఎవరును తప్పు పట్టజాలరు. ఆమె పోలేదు. 1945లో భర్తకు నిజాము ప్రభుత్వము గిరిజనుల, వెనుకబడిన తరగతుల విషయమున సలహాదారు పదవిని, ఉస్మానియా విశ్వవిద్యాలయము ఆచార్య పదవిని ఇచ్చెను. దంపతులు తిరిగి హైదరాబాదు చేరిరి. తరగతిగదిలో పాఠము, ఆదిలాబాదు గూడెములో పని, రెండును కలిసి సాగిన దినములవి.

1949లో వారు లండను చేరిరి. హైమెన్‌డార్ఫ్ అచ్చటి విశ్వవిద్యాలయములో ఆసియా, ఆఫ్రికా దేశముల విద్యాలయమున అధ్యాపకుడై, 1951లో ఆచార్యుడై 1976 వఱకు పని చేసెను. ఆ నడుమ సంవత్సరములను త్వరగా చెప్పి ముగింపవచ్చును, బెట్టీ చేసిన ఒక పని తప్ప. దక్షిణాసియా జాతులను గుఱించి లోకములో ఎవరెవరు ఏమేమి వ్రాసిరో, ఆ గ్రంథములను, వ్యాసములను వెదకి వరుసగా పేర్కొను సూచికను ఆమె కూర్చెను. అది 1958, 1964, 1970 సంవత్సరములలో మూడు సంపుటములుగా వెలువడెను. కంప్యూటరు లేని కాలమున అట్టి పని చేయుట ఎంత శ్రమయో చీట్లపై పేర్లు వ్రాసి అకారాదిగా పేర్చిన వారికి తెలియును. భర్త పేరు లేకుండ ఆమె పేరుతోనే నిలిచిన గ్రంథమిది. 1953 మొదలు నేపాళమునకు పలుమాఱులు పోయి, షేర్పాల గ్రామములు చూచి, హిమాలయపు కనుమలు దాటిన నడకలలో కూడ ఆమె తోడుగా ఉండెను.

పదవీ విరమణ తరువాత 1976 నుండి దంపతులు మఱల ఆంధ్రప్రదేశమునకు రాసాగిరి. ముప్పది సంవత్సరముల క్రిందట తాము విడిచిపోయిన గూడెములు ఎట్లున్నవో చూడవలెనని వారి కోరిక. దారులు పడెను. బస్సులు వచ్చెను. అడవి పలుచబడెను. కాని నాడు పట్టా పొందిన గోండులలో ఎందరి చేతులలోనో ఆ భూమి లేదు. అప్పు పత్రములపై వేలిముద్రలు వేయించుకొని, చట్టమున్నను దానిని దాటు త్రోవలు వెదకి, పై నుండి వచ్చినవారు చాలభాగము కైవసము చేసికొనిరి. తాను దున్నిన చేనిలో తానే కూలికి పోవు గోండు ఆ దంపతులకు కనబడెను. యౌవనములో నాటిన చెట్టును వార్ధక్యములో మొదలంట నఱికియుండగా చూచుట ఎట్టి దుఃఖమో!

వారు ఊరకుండలేదు. చూచినది చూచినట్లు వ్రాసిరి. 1979లో గోండుల గ్రంథము, 1982లో భారతదేశపు గిరిజనుల జీవన్మరణ పోరాటమును గుఱించిన గ్రంథము వెలువడెను. ఈ రెండు గ్రంథముల నడుమనే, 1981 ఏప్రిల్ 20వ తేదీన, భూమి కొఱకు ఇంద్రవెల్లిలో గుమిగూడిన గోండులపై పోలీసులు కాల్పులు జరిపిరి. ప్రభుత్వపు లెక్క ప్రకారమే 13 మంది మరణించిరి. ఇంకను చాలమంది మరణించిరని గోండులు చెప్పుదురు. భీము మరణించి నలువది సంవత్సరములు దాటినను భూమి తగవు తీరలేదు. ఇన్ని సంవత్సరముల శ్రమ ఏమాయెనని విసిగి, ఇక రాకుండుటకు ఆ వృద్ధదంపతులకు ఇదియే చాలును. వారు మఱల మఱల వచ్చిరి.

1987వ సంవత్సరము జనవరి నెలలో బెట్టీ హైదరాబాదులో నుండగా, 11వ తేదీన మరణించెను. ఆమె దేహమును ఇంగ్లండునకు పంపుట కాని, నగరములోని క్రైస్తవ శ్మశానమున ఉంచుట కాని జరుగలేదు. మార్లవాయిలో తనను పాతిపెట్టవలెనని ఆమె కోరుకొనియుండెను. ఆ కోరిక ప్రకారము దేహమును గూడెమునకు తీసికొనిపోయిరి. నలువదియైదు సంవత్సరముల క్రిందట అనుమానముతో చూచిన గోండుల బిడ్డలు, ఆ బిడ్డల బిడ్డలు, గోండు ఆచారము ప్రకారము ఆమెకు అంత్యక్రియలు జరిపి సమాధి కట్టిరి.

భార్య పోయిన దుఃఖము నుండి హైమెన్‌డార్ఫ్ తేఱుకొనలేదు. 1990లో తన జీవితచరిత్రమును ప్రకటించెను. 1995 జూన్ 11వ తేదీన లండనులో మరణించెను. ఆయన చితాభస్మము పదునేడు సంవత్సరములు ఇంగ్లండులోనే యుండెను. 2012లో వారి కుమారుడు దానిని మార్లవాయికి తెచ్చి, గ్రామస్థులు నిలిచి చూచుచుండగా, తల్లి సమాధి ప్రక్కనే నిక్షేపించెను. ప్రతి సంవత్సరమును జనవరి 11వ తేదీన చుట్టుపట్ల గూడెముల గోండులు అచ్చట చేరి, ఆ రెండు సమాధులపై పూవులుంచి పోవుదురు.